బర్గండీ నెత్తురు : చలికాలపు సరస్సులలో చేపలవేట

స్విట్జర్లాండు దేశమున మూర్టెన్ అను చిన్న పట్టణము కలదు. దాని ప్రక్కనే అదే పేరుగల సరస్సు ఉన్నది. వైశాల్యము ఇంచుమించు 23 చదరపు కిలోమీటర్లు. మిక్కిలి లోతైన చోట 45 మీటర్లు. విస్తీర్ణమున అది మన కొల్లేటి ముందు చిన్నది. లోతున మాత్రము కొల్లేరు దాని ముందు పళ్లెము వంటిది. కొన్ని సంవత్సరములలో, చలికాలమునను వసంతారంభమునను, ఈ సరస్సు నీరు ఒడ్డుల వెంబడి ఎర్రబడుచు వచ్చెను. ఆ యెరుపునకు అచ్చటి జనులు పెట్టిన పేరు ‘బర్గండీ నెత్తురు’.

ఆ పేరునకు వెనుక ఒక యుద్ధమున్నది. 1476 జూను 22వ తేదీన, సాహసి యని బిరుదుగల బర్గండీ ప్రభువు చార్లెసు మూర్టెన్ కోటను ముట్టడించియుండగా, స్విస్ సమాఖ్య సేనలు అకస్మాత్తుగా వచ్చి వాని దండుపై బడినవి. ఒకవైపు శత్రువులు, వేరొకవైపు సరస్సు. పారిపోవ దారిలేక వేలకొలది సైనికులు నీటిలోనికి దుమికి ప్రాణములు కోలుపోయిరి. చార్లెసు తప్పించుకొనెను గాని, మరుసటి సంవత్సరము జనవరి 5వ తేదీన నాన్సీ కడ జరిగిన యుద్ధమున హతుడయ్యెను. మూర్టెన్ మృతుల ఎముకలను ప్రోగుచేసి ఒక కట్టడమున నుంచిరి. 1798లో ఫ్రెంచి సైనికులు దానిని కూల్చివేసిరి. ఆంగ్లకవి బైరన్ 1816లో ఆ చోటికి వచ్చి, మిగిలిన ఎముకలలో కొన్ని తన వెంట గొనిపోయెను. ఇంతటి మరణము జరిగిన నీరు ఎర్రబడినప్పుడు, అది నాడు చిందిన నెత్తురే మరల పైకి వచ్చుచున్నదని జనులు తలచుటలో వింతలేదు.

అయితే ఈ కథలో ఒక పొత్తు కుదరదు. యుద్ధము జరిగినది నడివేసవి. నీరు ఎర్రబడునది చలికాలము మొదలు వసంతము వరకు. నెత్తురే యైనచో జూనులో రావలసినది. కథ చెప్పినవారు ఈ తేడాను లెక్కచేయలేదు. కాని, ఎరుపు వేసవిలో గాక చలిలోనే వచ్చుననునది మాత్రము వారు సరిగా కనిపెట్టి, తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిరి. నాకు ఈ కథలో విలువైనది ఆ నెత్తురు కాదు, ఆ కాలము.

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఎక్కడి స్విట్జర్లాండు, ఎక్కడి నాచు అని పాఠక మహాశయులు కొందరు అడుగవచ్చును. మన గ్రామములలో చెరువు వేలము పాడుకొని చేపలు పెంచువారికి పచ్చనీటి బాధ క్రొత్త కాదు. అయితే అది ఎండలనాటి బాధయే యనియు, చలి వచ్చినంతనే నీరు తేరుకొని వేట నిశ్చింతగా సాగుననియు నమ్మువారు పలువురు కలరు. ఆ నమ్మకము ఎంతవరకు నిజమో తెలిసికొనుటకు ఆ దేశపు సరస్సుల చరిత్రకంటె మంచి సాక్ష్యము నాకు కనబడలేదు. రెండు వందల యేండ్లుగా అచ్చటి శాస్త్రజ్ఞులు ఈ విషయమును వదలక చూచుచున్నారు.

1825 వసంతమున మూర్టెన్ సరస్సు బాగుగా ఎర్రబడెను. జినీవా నగరపు ప్రఖ్యాత వృక్షశాస్త్రజ్ఞుడు డి కాండోల్ ఆ నీటిని పరీక్షించి, ఎరుపునకు కారణము నెత్తురు గాని మన్ను గాని కాదనియు, కంటికానని సన్నని దారముల వంటి ఒక జీవి యనియు తేల్చెను. దానికి ఎర్రబారునది యను అర్థముగల లాటిన్ పేరు పెట్టెను. నేటి శాస్త్రజ్ఞులు దానిని ప్లాంక్టోథ్రిక్స్ రుబెసెన్స్ అందురు. ఇది నీలిపచ్చ నాచుల కుటుంబమునకు చెందినది. ఈ కుటుంబమును నాచు అని పిలుచుట అలవాటే గాని, నిజమునకు ఇవి ఎండను తిని బ్రతుకు ఒకజాతి సూక్ష్మజీవులు. ఇవి మొక్కలు కావు, బాక్టీరియాలే.

నీలిపచ్చ నాచు ఎర్రగా నుండుట యేమి? సరస్సు లోతులకు దిగినకొలది వెలుగులోని ఎరుపు మొదటనే నశించును. పది పదిహేను మీటర్ల లోతునకు చేరునది ముఖ్యముగా పచ్చని వెలుగు. ఆ పచ్చని వెలుగును పట్టుకొనుటకు ఈ నాచు ఒక ఎర్రని రంగును తనలో నుంచుకొన్నది. అందుచేత తక్కిన నాచులు బ్రతుకలేని మసకలోతున ఇది వేసవి యంతయు గడపును. పైన ఈదువానికి, పడవలో పోవువానికి దీని జాడ తెలియదు. శరత్కాలమున పైనీరు చల్లబడి బరువెక్కి క్రిందికి దిగును. క్రిందినీరు పైకి వచ్చును. ఆ కలగాపులగములో ఈ నాచు కూడ పైకి చేరును. దీని కణములలో అతిసూక్ష్మమైన గాలితిత్తులున్నవి. గాలి నిలిచిన చలిరోజున ఆ తిత్తుల బలముచే తేలి, నీటిపై ఎర్రని మీగడవలె పేరుకొనును. జర్మను భాషలో ఇట్టి పేరుకొనుటను ‘నీటిపూత’ యను అర్థమిచ్చు మాటతో పిలుతురు. మామిడి పూత చూచి సంతోషించు మనకు ఆ మాట వినసొంపుగనే యుండును గాని, జాలరికి ఆ పూత ఏమంత శుభము కాదు.

పందొమ్మిదవ శతాబ్దము చివర కథ మూర్టెన్‌ను విడిచి జూరిక్ నగరమునకు మారెను. జూరిక్ సరస్సు పొడవైనది; రాపెర్స్‌విల్ కడ ఒక కట్ట దానిని రెండుగా విడదీయుచున్నది. పై భాగము 50 మీటర్లకు మించని లోతుగలది. దాని ఒడ్డున పెద్ద పట్టణములు లేవు. దిగువ భాగము 136 మీటర్ల వరకు లోతున్నది. దాని చుట్టును జనము క్రిక్కిరిసి, ఇండ్ల మురుగంతయు దానిలోనికే చేరుచుండెను. 1898లో ఈ దిగువ భాగమున ఎర్రనాచు విస్తారముగా కనబడెను. బర్గండీ సైనికు డొక్కడైనను చావని సరస్సు అది! అయినను ‘బర్గండీ నెత్తురు’ అను పేరు దానివెంటనే వచ్చి స్థిరపడిపోయినది.

రెండు భాగములకును ఒకే యెండ, ఒకే చలి, ఒకే కొండలనుండి వచ్చు నీరు. స్వభావముచే చూచినచో లోతు తక్కువైన పై భాగమే ముందుగా చెడవలసినది. కాని చెడినది లోతైన దిగువ భాగము. తేడా యంతయు మురుగులోనిదే. మురుగులోని భాస్వరము నాచునకు ఎరువు. లియో మిండర్ అను శాస్త్రజ్ఞుడు ఈ సరస్సు మార్పులను దీర్ఘకాలము పరిశీలించి గ్రంథస్థము చేసెను. పూర్వము ట్రౌటు, ఫెల్షెన్ వంటి చల్లని స్వచ్ఛజలపు మేలురకపు చేపలకు పేరుబడిన ఆ నీట, క్రమక్రమముగా మోటురకపు చేపలు పెరిగినవని తేలినది.

ఇక చలికాలపు వేటకు వత్తము. ఫెల్షెన్ అనునది వెండివలె మెరయు చేప. ఆల్ప్సు ప్రాంతపు జాలరులకు అదియే ముఖ్యమైన జీవనాధారము. మన నదులలోని బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలు వానకాలపు క్రొత్తనీటిలో గ్రుడ్లు పెట్టును. ఫెల్షెన్ దీనికి సరిగా వ్యతిరేకము. నవంబరు, డిసెంబరు నెలలలో, నీరు మంచువలె చల్లబడినప్పుడు, దానికి గ్రుడ్లు పెట్టు కాలము. గ్రుడ్లు సరస్సు అడుగుకు జారి అచ్చటనే రెండు మూడు నెలలు పడియుండి, చలి తగ్గువేళకు పిల్లలగును. కావున ఆ దేశమున చలికాలమనగా చేపల సంతానకాలము. ఆ నెలలలో అడుగునీటికి ఏ హాని జరిగినను అది రాబోవు సంవత్సరముల వేటకు జరిగిన హానియే.

నాచు ఆ హానిని ఎట్లు చేయును? జాలరులు మొదట ఎరిగినది కంటికి కనబడు బాధ. సన్నని దారముల వంటి ఈ నాచు వలకండ్లలో చిక్కుకొని జిగురుగా పట్టును. అట్టి వల నీటిలో తెరవలె కనబడును. చేప దానిని చూచి తప్పుకొనును. చలిలో వ్రేళ్లు కొంకర్లుపోవుచుండగా ఆ జిగురును కడిగి వలలు ఆరవేయుట ఎంత కష్టమో వల పట్టిన ప్రతివానికిని తెలియును. ఇది చికాకే గాని నాశనము కాదు.

రెండవది మేతకు సంబంధించినది. ఫెల్షెన్ తినునది నీటియీగల వంటి సూక్ష్మజంతువులను. ఆ జంతువులు గుండ్రని చిన్ననాచులను తినగలవు గాని, ఈ పొడవైన దారములను తినలేవు. నాచు విస్తారముగా పెరిగినను, పచ్చిక దట్టముగా నుండి పశువు మేయలేని బీడువలె, అది చేపవరకు చేరదు.

మూడవది విషము. ఈ నాచు మైక్రోసిస్టిన్ అను విషమును తయారుచేయును. అది కాలేయమునకు చేటు. బవేరియాలోని ఆమ్మర్ సరస్సున ఫెల్షెన్ చేపలు సన్నబడుచుండగా, శాస్త్రజ్ఞులు పరిశీలించి 2001లో తమ ఫలితములు ప్రకటించిరి. చేపల ప్రేగులలో ఎర్రనాచును, కాలేయమున విషపు జాడను వారు కనిపెట్టిరి. ఈ విషము ముఖ్యముగా కాలేయము, ప్రేగులలో చేరును, కండలో తక్కువ. ఉడికించినంత మాత్రమున అది పోదు. నాచునీటి చేపను ప్రేగులు, కాలేయము తీసివేసి శుభ్రముగా కడిగి వండుకొనుట మేలని చెప్పుట అందుకే. ఈ ఒక్క మాట మన వంటిండ్లకును పనికివచ్చును.

అన్నింటికంటె పెద్దదియు, అన్నింటికంటె తక్కువగా కనబడునదియు నాల్గవది. చచ్చిన నాచు అడుగునకు దిగి క్రుళ్లును. క్రుళ్లునప్పుడు అడుగునీటి ప్రాణవాయువును తినివేయును. ఈ పాపము ఎర్రనాచు ఒక్కదానిదే యనుట న్యాయము కాదు. వేసవిలో పెరిగిన సకల నాచులకును, మురుగునకును అందులో భాగమున్నది. వేసవి మొదలు తరుగుచు వచ్చిన అడుగు ప్రాణవాయువు శరత్కాలము చివరకు మిక్కిలి క్షీణించును. సరిగా అప్పుడే ఫెల్షెన్ గ్రుడ్లు ఆ బురదపై వచ్చి పడును. పైనీటిలో తల్లిచేపలు చక్కగా ఈదుచుండును. క్రింద గ్రుడ్లు ఊపిరాడక చచ్చుచుండును. చచ్చిన గ్రుడ్డు తేలదు, వాసన రాదు, ఎవరి కంటనుపడదు. సెంపాఖ్ సరస్సున 1984 ఆగస్టులో నీలిపచ్చ నాచు పూత వచ్చి చేపలు రాసులుగా చచ్చినప్పుడు దేశమంతయు అలజడి పుట్టినది. అదే సరస్సు అడుగున చలికాలముల యందు గ్రుడ్లు చచ్చుచుండుట మాత్రము పరిశోధకులు వెదకి చూచినప్పుడే బయటపడినది.

ఇచ్చట చరిత్రలో విచిత్రమైన సంగతి యొకటి కలదు. ఇరువదవ శతాబ్దపు మధ్యకాలమున, నీరు చెడుచున్న ఆ దినములలోనే, అనేక సరస్సులలో ఫెల్షెన్ దిగుబడి తగ్గలేదు, పైగా పెరిగినది. మురుగు ఎరువైనందున మేత పెరిగి, చేప త్వరగా బలిసెను. మరి గ్రుడ్లు చచ్చుచుండగా చేపలెక్కడివి? జాలరులే తెచ్చిరి. డిసెంబరులో, మామూలు వేట నిషిద్ధమైన కాలమున, అధికారుల అనుమతితో గ్రుడ్లుగల చేపలను పట్టి, పడవలోనే పొట్టనొత్తి గ్రుడ్లు తీసి, మగచేప పాలతో కలిపి, పిల్లల నుత్పత్తిచేయు కేంద్రములకు చేర్చుచుండిరి. అచ్చట జూగ్ జాడీలని పేరుగల నిలువుటి గాజుపాత్రలలో క్రిందినుండి నీరు పారించుచు గ్రుడ్లను పొదిగింతురు. పిల్లలను వసంతమున సరస్సులో విడుతురు. అనగా చలికాలపు వేట తినుటకు పట్టు వేటగా కాక, విత్తనము కాపాడు వేటగా మారినది.

ఆ పని చేసిన జాలరుల శ్రమను తక్కువచేయుట నా ఉద్దేశము కాదు. అది లేనిచో కొన్ని సరస్సులలో వేటయే నిలిచిపోయెడిది. కాని పడవలో చేప తూకము సరిగా నుండుటచేత, సరస్సు గొడ్రాలైనదను మాట చాలకాలము ఎవ్వరికిని తోచలేదు. “చలికాలమున నాచు వేటను చెరచునా?” అని అడిగినచో, ఆనాటి లెక్కల పుస్తకము “లేదు” అనియే చెప్పియుండును. తూకము నిజమే చెప్పినది, ప్రశ్నయే చాలలేదు.

అసలు నష్టమెంతయో 2012లో తెలిసినది. ఫెల్షెన్ అనునది ఒకే జాతి కాదు. మంచుయుగము తరువాత ఒక్కొక్క సరస్సునను అది లోతును బట్టి, మేతను బట్టి, గ్రుడ్లు పెట్టు కాలమును బట్టి వేర్వేరు జాతులుగా విడిపోయినది. స్విస్ శాస్త్రజ్ఞులు 17 సరస్సుల చేపలను పాత నమూనాలతో పోల్చి చూచి, జాతివైవిధ్యము సగటున 38 శాతము నశించినదని ‘నేచర్’ పత్రికలో ప్రకటించిరి. లోతున గ్రుడ్లు పెట్టు జాతులకు ముందు చేటు వచ్చినది. కొన్ని సమూలముగా పోయినవి. కొన్ని లోతును విడిచి పైకి వచ్చి తక్కిన జాతులతో కలిసి, తమ వేరుతనమును కోలుపోయినవి. బోడెన్ సరస్సు లోతులలో బ్రతికిన కిల్ఖ్ అను ఫెల్షెన్ జాతి ఆ విధముగనే అంతరించినది. ఏ జాడీలోను దానిని మరల పొదిగింప వీలులేదు.

నీటిని బాగుచేయు ప్రయత్నములు లేకపోలేదు. మురుగునుండి భాస్వరమును తీసివేయు యంత్రాగారములు కట్టిరి. 1982లో బాల్డెగ్ సరస్సు, 1984లో సెంపాఖ్, తరువాత కొద్దికాలమునకే హాల్విల్ సరస్సు అడుగులకు గొట్టములు వేసి గాలిని, ప్రాణవాయువును పంపనారంభించిరి. రోగి ముక్కున గొట్టము పెట్టినట్లు సరస్సునకు ఊపిరి పోయుట! 1986లో బట్టల సబ్బుపొడులలో భాస్వరము వాడరాదని స్విట్జర్లాండు ప్రభుత్వము శాసనము చేసెను. భాస్వరము తగ్గినది, నీరు తేటపడినది.

ఎర్రనాచు మాత్రము జూరిక్ సరస్సును వెంటనే వదలలేదు. నీరు తేటపడుటచే వెలుగు మరింత లోతునకు దిగినది. లోతున వసించు దానికి అది మేలే అయినది. దానిని అణచునది వేరొకటి కలదు: గట్టి చలి. బ్రిస్టల్ విశ్వవిద్యాలయపు వాల్స్‌బీ మున్నగువారు దీని కీలును విప్పిరి. తీవ్రమైన చలికాలమున సరస్సు అడుగువరకు కలగలియును. ఆ కలయికలో నాచు బహులోతునకు దిగినప్పుడు, నీటి ఒత్తిడికి దాని గాలితిత్తులు చితికిపోవును. తిత్తి చితికిన నాచు మరల తేలలేదు; చీకటిలో నశించును. చలి మందగించినచో కలయిక సగములో ఆగును. నాచు తిత్తులు చెక్కుచెదరక నిలుచును. వసంతమునకు విత్తనము సిద్ధముగా నుండును. నలుబది సంవత్సరముల లెక్కలు పరిశీలించి, లోకము వేడెక్కినకొలది ఈ కలయిక బలహీనపడి నాచునకు లాభించుచున్నదని జూరిక్ పరిశోధకులు 2012లోనే వెల్లడించిరి. 1963లో జూరిక్ సరస్సు ఒడ్డునుండి ఒడ్డునకు గడ్డకట్టి జనులు దానిపై నడచిరి. తరువాత అట్లు సంపూర్ణముగా గడ్డకట్టలేదు. చలి తగ్గుట పడవమీది జాలరికి సుఖమే. సరస్సు అడుగున గ్రుడ్డునకు మాత్రము చలియే రక్ష.

మన నేల సంగతి వేరు. మన చేపలు చలిలో గ్రుడ్లు పెట్టవు. మన చెరువులు గడ్డకట్టవు. ఆ ఎర్రనాచు లోతులు మనకు లేవు. కాని నాచు చలికాలమున నిద్రపోవునని మాత్రము తలచరాదు. కృష్ణా, గోదావరి మండలముల చేపల చెరువులలో మబ్బుపట్టిన చలినాళ్ల వేకువను చూచినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. పగలు ఎండ చాలక, రాత్రియంతయు నాచు కూడ ఊపిరి పీల్చుటచే ప్రాణవాయువు తరిగి, తెల్లవారుసరికి చేపలు నోళ్లు తెరచి పైకి తేలును. నీరు పచ్చగా చిక్కబడిన చెరువున కోళ్లపెంట ఇంకను వేయుట, జూరిక్ జనులు తమ సరస్సులోనికి మురుగు పంపిన పనియే. నీలిపచ్చ నాచు ముదిరిన చెరువు చేప మట్టివాసన వేయును. కొనువాడు ఆ వాసనను మొదట పట్టును, పెంచినవాడు తరువాత ఒప్పుకొనును.

ఫ్రాన్సు దేశపు బూర్జే సరస్సు చరిత్ర చెప్పిన ఈ విషయము పూర్తియగును. 1980లో దాని ముఖ్యమైన మురుగును రోన్ నదికి మళ్లించిరి. సరస్సు తేరుకొనుచున్నదని అందరు సంతోషించుచుండగా, పదునారేండ్ల తరువాత, 1996లో ఎర్రనాచు విస్తారముగా వచ్చిపడెను. మురుగు మళ్లించుట వ్యర్థమైనదని నిరాశపడుటకు తగిన సమయమది. అయినను భాస్వరమును తగ్గించు పనిని ఆపలేదు. 2009 చివరకు ఆ నాచు పూత ఆ సరస్సున తొలగిపోయెను. మురుగు మళ్లించిన నాటినుండి నాచు తొలగువరకు పట్టిన కాలము ఇరువది తొమ్మిది సంవత్సరములు.